ఆట పిల్లలది, బాధ్యత మనది

చెస్ జట్టు పోటీల్లో ఆట మొదలయ్యాక కెప్టెన్ చేతిలో మిగిలే అధికారం చాలా తక్కువ. ‘డ్రా అడుగు’, ‘డ్రాకి ఒప్పుకో’, ‘ఆట వదిలెయ్’. తన జట్టు ఆటగాడికి ఇంతవరకే చెప్పొచ్చు. బోర్డు మీద ఏం జరుగుతోందో ఒక్క ముక్క మాట్లాడకూడదు, సైగ చేయకూడదు. పదహారేళ్ల లోపు పిల్లల ప్రపంచ ఒలింపియాడ్‌లో నలుగురు పిల్లలు నాలుగు బోర్డుల ముందు కూర్చుంటారు. ఐదో వాళ్లు రిజర్వులో ఉంటారు. నెలల తరబడి ఓపెనింగులు నేర్పిన కోచ్, అర్ధరాత్రి దాకా ప్రత్యర్థి పాత ఆటలు వెతికి ప్రిపరేషన్ చేయించిన కోచ్, తన శిష్యుడు గుర్రాన్ని పోగొట్టుకోబోతున్నాడని కళ్లారా చూస్తూ కూడా చేతులు కట్టుకుని నిలబడాలి.

ఈ నిబంధన వెనక గొప్ప మర్యాద ఉంది. బోర్డు ముందు కూర్చున్న పిల్లవాడికి పన్నెండేళ్లే కావచ్చు. అయినా ఆ ఆలోచన వాడిది, ఆ నిర్ణయం వాడిది, తప్పు చేసి నేర్చుకునే హక్కూ వాడిదే. ఆ హక్కును కాపాడటమే శిక్షకుడి మొదటి ధర్మం. పిల్లల ఆటతో ముడిపడిన మనమందరం, అంటే కోచ్‌లు, తల్లిదండ్రులు, చెస్ సంఘాలు, బడులు, పత్రికలు, ఈ ధర్మం ఎంతవరకు పాటిస్తున్నామో నిజాయతీగా చూసుకోవాల్సిన సమయం వచ్చింది.

పెద్దలు ఆ గీత దాటితే ఏమవుతుందో చెస్ లోకం ఒకసారి చూసింది. 2010లో రష్యాలోని ఖాంటీ-మాన్సిస్క్‌లో ఒలింపియాడ్ జరిగింది. ఫ్రాన్స్‌లో కంప్యూటర్ దగ్గర కూర్చున్న సిరిల్ మార్జోలో మంచి ఎత్తులు చూసి ఎస్సెమ్మెస్‌లో పంపేవాడు. ఫ్రెంచ్ జట్టు కోచ్ ఆర్నో ఓషార్ హాల్లో ఏ బల్ల వెనక నిలబడితే ఆ గడి అన్నమాట. ముందే అనుకున్న ఆ సంకేతంతో ఎత్తులు సెబాస్టియన్ ఫెల్లర్‌కు చేరేవి. ఫెల్లర్‌కు అప్పటికి పంతొమ్మిదేళ్లు. ఐదో బోర్డు మీద బంగారు పతకం కూడా గెలిచాడు. ఆ మోసాన్ని బయటపెట్టింది ప్రత్యర్థి జట్టు కాదు, స్వయానా ఫ్రెంచ్ చెస్ సమాఖ్యే. దేశం పరువు పోతుందని దాచిపెట్టలేదు. ముగ్గురిపైనా చర్య తీసుకుంది. 2012లో ప్రపంచ చెస్ సమాఖ్య (ఫిడే) ఎథిక్స్ కమిషన్ కూడా ముగ్గురినీ దోషులుగా తేల్చింది. ఒక సమాజానికి అంతరాత్మ ఉందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? మనవాడి తప్పును మనమే ఎత్తిచూపగలిగితే ఆ ఆటలో మన గెలుపుకూ విలువ ఉంటుంది.

మనం ఎస్సెమ్మెస్‌లు పంపడం లేదు, నిజమే. కానీ పిల్లవాడి తలలోకి మన కోరికలను పంపుతూనే ఉన్నాం. ఏ పిల్లల టోర్నమెంటుకైనా వెళ్లి హాలు తలుపు దగ్గర కాసేపు నిలబడండి. లోపల ఆట ముగిశాక ఓడిన పాప ప్రత్యర్థితో చేయి కలుపుతుంది. స్కోరుషీటు మీద సంతకం పెడుతుంది. ఎవరు గెలిచారో ఆర్బిటర్‌కు తెలిసేలా రెండు రాజులను బోర్డు నడిమి గడుల్లో నిలబెడుతుంది. తన ఓటమిని తన చేత్తోనే ఒప్పుకుని, పావులు సర్ది, ఏడుపు ఆపుకుని బయటికొస్తుంది. ఆ వయసుకు అది ఎంత పెద్ద పని! తలుపు దాటగానే ఎదురయ్యే ప్రశ్న: ‘ఏమైంది? గెలిచే పొజిషనే కదా, ఎట్లా పోగొట్టావ్?’ అప్పటికే ఫోనులో ఇంజిన్ ఎక్కడ తప్పు జరిగిందో చూపించేసి ఉంటుంది. ఆ పాప నాలుగు గంటలు ఒంటరిగా వెతికిన ఎత్తును మనం నాలుగు క్షణాల్లో చూసి, అంత మాత్రం తెలియలేదా అని నిలదీస్తాం. లోపల ఆమె చూపిన మర్యాద బయట మనం చూపలేకపోతున్నాం.

ముందు అన్నం పెట్టండి. నీళ్లివ్వండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మర్నాటి రౌండుకు పెయిరింగ్స్ వస్తాయి, ప్రిపరేషన్ ఉంటుంది, నిజమే. కానీ నిద్ర పట్టని పిల్లకు ఏ ఓపెనింగూ గుర్తుండదు. ఈ సంగతి కోచ్‌లకు మనకంటే బాగా తెలుసు. తెలిసి కూడా తల్లిదండ్రుల ఆత్రానికి, ఫలితాల ఒత్తిడికి లొంగితే వాళ్ల వృత్తిధర్మానికే మచ్చ.

జట్టుతో వెళ్లే కోచ్‌కు అసలు పరీక్ష ఐదో పిల్లవాడి దగ్గర ఉంది. రౌండు రౌండుకీ ఎవరిని ఆడించాలో కెప్టెన్ రాసివ్వాలి. నలుగురి పేర్లు రాస్తే ఒకరు బయట కూర్చోవాల్సిందే. ఆ ఒకరూ విమానమెక్కి వచ్చిన బిడ్డే, ఇంటి దగ్గర అందరి చేతా ఆల్ ది బెస్ట్ చెప్పించుకున్న బిడ్డే. వాడితో కూడా ప్రిపరేషన్ చేయిస్తున్నామా? ఈ రోజు ఎందుకు ఆడటం లేదో వాడికి విడమరచి చెబుతున్నామా? 2024లో బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో శ్రీనాథ్ నారాయణన్ కెప్టెన్‌గా మన జట్టు 22కి 21 మ్యాచ్ పాయింట్లు తెచ్చుకుని స్వర్ణం గెలిచింది. గుంటూరు హరికృష్ణ ఆ జట్టులో అందరికంటే పెద్దవాడు, 2001లోనే గ్రాండ్‌మాస్టర్ అయినవాడు. పదకొండు రౌండ్లలో ఆయన ఆడింది మూడు ఆటలే. అన్ని రౌండ్లూ ఆడిన వరంగల్ అర్జున్‌కు దక్కిన జట్టు స్వర్ణమే ఆయనకూ దక్కింది. పిల్లల జట్లకు చెప్పాల్సిన పాఠం ఇందులోనే ఉంది. కూర్చున్నవాడు కూడా జట్టే. మన ప్రశంసలోనూ, పత్రికల ఫొటోలోనూ వాడికి చోటుండాలి.

ఇక డబ్బు సంగతి. ప్రపంచ యూత్ పోటీలకు దేశం తరఫున అధికారికంగా ఎంపికైన పిల్లలకు బస, భోజనం నిర్వాహకులు చూస్తారు. మిగతావాళ్లు సొంత ఖర్చుతో వెళ్లాలి. విమానం టిక్కెట్లు, హోటలు, కోచింగు ఫీజులు కలిపితే మధ్యతరగతి ఇంటికి అది మోయలేని బరువు. అప్పు చేసి పంపిన తండ్రిని తప్పుపట్టలేం. కానీ ఆ అప్పు సంగతి పిల్లవాడి చెవిన పడ్డ క్షణం నుంచి వాడు ప్రతి ఎత్తునూ రూపాయల్లో లెక్కపెట్టుకుంటాడు. ప్రతిభ ఉన్న పేదపిల్లను పంపే బాధ్యత సంఘాలు, ప్రభుత్వాలు, స్తోమత ఉన్న మనలాంటివాళ్లు తలా కాస్త పంచుకోవాలి. గెలిచొచ్చాక ఊరేగించి శాలువా కప్పే డబ్బు, వెళ్లేముందు టిక్కెట్టుకు ఇస్తే ఎక్కువ పుణ్యం.

దూరదేశానికి పిల్లలను పంపేటప్పుడు వాళ్ల భద్రత కూడా మన పూచీయే. ఆడపిల్లలున్న బృందంతో బాధ్యత గల ఒక మహిళ తప్పనిసరిగా వెళ్లాలి. ఏ పెద్దమనిషి ప్రవర్తన మీదైనా పిల్ల నోరు విప్పితే, పతకాలు తెచ్చిన కోచ్ కదా అని ఆ నోరు మూయించకూడదు. ఎంత గొప్ప రేటింగైనా ఒక బిడ్డ భయం కంటే పెద్దది కాదు.

కోనేరు అశోక్ ఉద్యోగం వదులుకుని కూతురికి ఆట నేర్పారు. హంపి పదేళ్ల లోపు, పన్నెండేళ్ల లోపు, పద్నాలుగేళ్ల లోపు బాలికల ప్రపంచ టైటిళ్లు గెలిచి, రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ విజేత అయింది. హారిక వచ్చింది, అర్జున్ వచ్చాడు. ఆ కథలు విని ఎన్నో తెలుగు ఇళ్లలో ఆశలు పుట్టాయి. పుట్టాలి కూడా. కానీ చెస్ బోర్డు ముందు కూర్చున్న పిల్లల్లో చాలామంది గ్రాండ్‌మాస్టర్లు కారు. వాళ్లకు మనం ఏం మిగిల్చాం? బడి మానిపించి, స్నేహితులను దూరం చేసి, పదహారో ఏట ‘ఇక చాల్లే’ అంటే ఆ బిడ్డ ఎక్కడికి పోవాలి? చదువు తెగకుండా, స్నేహం పోకుండా, ఆట మీద ప్రేమ చావకుండా చూసిన శిక్షణే శిక్షణ.

అందుకే అడుగుతున్నాను. కోచ్‌లారా, మీ జట్టులో ఆఖరి పిల్లవాడికి కూడా మీ సమయం ఇవ్వండి. తల్లిదండ్రులారా, హాలు తలుపు దగ్గర ఫలితం అడగకండి, ఆకలేస్తోందా అని అడగండి. సంఘాల పెద్దలారా, ఎంపికల లెక్కలు, ఖర్చుల లెక్కలు అందరికీ కనిపించేలా పెట్టండి. పత్రికల వాళ్లు, చప్పట్లు కొట్టే మనమంతా, ఓడి వచ్చిన జట్టును కూడా స్టేషనుకు వెళ్లి పలకరిద్దాం. పతకం కొందరికే వస్తుంది. వెళ్లిన పిల్లలందరినీ వెళ్లిన మనసుతోనే ఇంటికి తీసుకురావడం మాత్రం మన చేతుల్లోనే ఉంది. అది చేయలేకపోతే మనం గెలిచిన ఏ పతకమూ మనది కాదు.