గుఱి నేర్చిన ప్రజ

1860వ సంవత్సరము జూలై మాసమున లండను చెంతనున్న వింబుల్డను మైదానమున విక్టోరియా రాణి ఒక రైఫిలు పోటీని ప్రారంభించెను. రైఫిలును ముందుగనే ఇనుపపీఠముపై బిగించి గుఱి సరిచూచి యుంచిరి. రాణి దారమును లాగినంతనే గుండు నాలుగువందల గజముల దూరమున నున్న పలకపై నడిచుక్కను తాకెను. వేడుక నవ్వు పుట్టింపవచ్చునుగాని, పోటీ యుద్దేశము నవ్వులాట కాదు. గుమాస్తాయు, అంగడివాడును, కాపును సైనికుని రైఫిలుతో గుఱి నేర్చి దేశమునకు ఆపద వచ్చిననాడు అక్కఱకు రావలయునని ఆంగ్లేయులు అంతకు ముందటి యేడే తమ దేశమున నేషనల్ రైఫిల్ అసోసియేషను నెలకొల్పుకొనిరి. ఆ 1860లోనే వారు మన దేశమున చేసిన పని యేమి? ఆయుధముల విక్రయమును, ధారణమును నిర్బంధించి, జనులను నిరాయుధులను జేయుటకు అధికారులకు హక్కు నొసంగు 31వ ఆక్టును చేసిరి. లిట్టన్ ప్రభువు నాటి 1878 శాసనము ఆ పనిని పూర్తిచేసినది. తెల్లవానికి మినహాయింపు, నల్లవానికి లైసెన్సు, సోదా, జైలు. ఒకే జాతి, ఒకే కాలము. తన ప్రజకు గుఱి నేర్పినది, పరుల ప్రజకు మఱపించినది.

ఆ మఱపు ఫలితమును మన మన్యమే చూచినది. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలపై బడి గైకొన్నది ధనము కాదు, తుపాకులు. అహింసావ్రతుడైన మహాత్ముడే 1930లో ఇర్విను ప్రభువు ముందుంచిన పదునొకండు కోరికలలో ఆత్మరక్షణకై ఆయుధముల లైసెన్సు లొసంగవలెనను కోరికయు నొకటి. మఱుసటి యేడు కరాచీ కాంగ్రెసు, నిబంధనలకు లోబడి ఆయుధము ధరించు హక్కును తన ప్రాథమిక హక్కుల తీర్మానమున చేర్చినది. హింసను మానుట వేఱు, చేతకాక యూరకుండుట వేఱు. ఈ భేదము వారికి తెలియును.

ఇంతకును సైనిక రైఫిలు పోటీ యనగా నేమి, దాని నొక సామాన్యుడు ఎట్లు మొదలిడును? నేడు దానిని చక్కగ చూడదగిన చోటు అమెరికాలోని ఓహియో రాష్ట్రమున ఈరీ సరస్సు నొడ్డున నున్న క్యాంపు పెర్రీ. 1907 నుండి ఆ దేశపు జాతీయ పోటీల కది నెలవు. అచ్చట వాడునది వేటతుపాకి కాదు. దేశపు సేన ధరించు రైఫిలు, లేక దాని పోలికను జేసిన రైఫిలు. ఒకనాడు స్ప్రింగుఫీల్డు, పిమ్మట గారండు, నేడు ఎం-16 మాదిరి. మీట నాలుగున్నర పౌనుల బరువునకు లోబడి కదలరాదు. ముఖ్యమైన పందెమున ఏబది గుండ్లు: రెండువందల గజములనుండి నిలుచుండి పది, అచ్చటనే కూర్చుండి త్వరితముగ పది, మూడువందల గజములనుండి బోరగిలబడి త్వరితముగ పది, ఆఱువందల గజములనుండి బోరగిలి నెమ్మదిగ ఇరువది. త్వరితపు పందెమనగా పది గుండ్లకును సుమారొక నిమిషము. ప్రతిగుండునకు పది మార్కులు మించవు, మొత్త మైదువందలు.

క్రొత్తవాడు చేయు మొదటి తప్పు తుపాకి కొనుట. ఇది విన నాశ్చర్యముగ నుండునుగాని, అనుభవజ్ఞు లెల్లరును చెప్పున దిదియే. మొదట పోయి చూడుము. ఎరువు తుపాకితో కాల్చుము. క్యాంపు పెర్రీలో 1918 నుండి నవశిక్షితులకై యొక పాఠశాల నడచుచున్నది. రైఫిలును, తూటాలను అచ్చటనే యిచ్చి, ఆరితేరినవారు ప్రక్కన గూర్చుండి నేర్పుదురు. తరువాతి పాఠము మఱింత చవుక: తూటా లేని అభ్యాసము. గొట్టము ఖాళీగా నున్నదని రెండుమాఱులు చూచి, ఇంటిగోడపై చిన్నచుక్క పెట్టి, ఊపిరి సగము విడిచి నిలిపి, మీటను తిన్నగ వెనుకకు నొత్తుట. మీట విడిపడిన క్షణమున గుఱి కదలెనా, కదలలేదా? తూటా ప్రేలినప్పుడు ధ్వనిలో దాగిన దోషము నిశ్శబ్దమున బయటపడును. దినమునకు పావుగంట ఇట్లు చేసినవాడు, నెలకొకమాఱు రెండువందల తూటాలు తగులబెట్టినవానిని మించునని పాతకాపుల మాట.

దేహమును కుదుర్చుకొనుట వేఱొక విద్య. తోలుపట్టీని దండకు బిగించి, ఎముకలపై తుపాకి బరువు నిలుపవలె, కండలపై గాదు. కన్నులు మూసికొని రెండుమాఱులు ఊపిరి పీల్చి తెఱచినచో గుఱి యెక్కడ నిలిచినదో అదియే ఆ దేహము కోరు దిక్కు. అది చుక్కపై లేనిచో చేతులతో త్రోయరాదు, దేహమునే జరుపుకొనవలె. మఱియొకటి కలదు. గుండు వెడలగనే, పలకను చూడకమునుపే, అది యెక్కడ తగిలియుండునో కాల్చినవాడు తానే చెప్పి పుస్తకమున గుర్తువేయవలె. పిదప పలక చూపిన నిజముతో దానిని పోల్చుకొనవలె. తన తప్పును పరులు చెప్పకముందు తానే చెప్పుకొను ఈ యభ్యాసము మన శాసనసభలలో ప్రవేశపెట్టిన బాగుండును.

ఆఱువందల గజముల కడ గాలి గురువగును. గంటకు పదిమైళ్ల అడ్డగాలి గుండును రెండడుగులకు మించి ప్రక్కకు నెట్టును. పదిమార్కుల వలయము వెడల్పో పండ్రెండంగుళములు. జెండాల రెపరెపలను, దుర్భిణిలో కనబడు ఎండమావుల యొఱుగును చూచి, ఎంత ప్రక్కకు సవరింపవలయునో లెక్కగట్టవలె. మన పొలములలో వేసవి మధ్యాహ్నము తళతళలాడు ఆ ఎండమావియే అచ్చట పాఠ్యపుస్తకము.

అయినను మాకు మిక్కిలి నచ్చినది గుఱి కాదు, కందకము. సగముమంది కాల్చుచుండగా మిగిలిన సగము పలకల క్రిందనున్న కందకమున దిగి, పలకలను లాగుచు, రంధ్రములను చూపుచు, కాగితపు ముక్కలంటించుచు నుందురు. పిమ్మట వంతులు మాఱును. వైద్యుడైనను, బండితోలువాడైనను, సేనాధికారియైనను కందకమున దిగవలసినదే. నీ మార్కులు వ్రాయువాడును నీతో పోటీపడువాడే. 1930లో ఇంగ్లండున బిస్లీ మైదానమున రాజుగారి బహుమతిని గెలిచినది మార్జొరీ ఫాస్టర్ అను స్త్రీ. కోళ్ల పెంపకము ఆమె జీవనోపాధి. ఆ బహుమతి స్త్రీకి దక్కుట అదియే మొదలు. గుండు కులము నడుగదు, లింగము నడుగదు.

తుపాకులు ప్రబలిన అమెరికాలో బడిపిల్లలు గుండ్లకు బలియగుట లేదా యని పాఠకు లడుగుదురు. అగుచున్నారు, అది ఆ దేశమునకు మాయని మచ్చ. అంగడిలో కూరగాయలవలె తుపాకులమ్ము పద్ధతిని మనము తెచ్చుకొనవలెనని మే మనుట లేదు. కాని తుపాకి దొరకుట వేఱు, తుపాకివిద్య వేఱు. రేంజిలో అధికారి ఆజ్ఞ లేనిదే ఒక్కడును తుపాకి ముట్టరాదు; గొట్టము గుఱిదిక్కు విడువరాదు; గుఱి కుదురువఱకు వ్రేలు మీటపై పడరాదు; గది ఖాళీ యని తెలుపు గుర్తు ఎల్లరకును కనబడవలె. మన పొరుగుననున్న కొడగు ప్రజలకు దొరల కాలమునుండి ఆయుధ లైసెన్సు మినహాయింపు కలదు. కేంద్రప్రభుత్వము 2019లో దానిని 2029 వఱకు పొడిగించినది. వారి పండుగలలో చెట్టుపై టెంకాయను గుఱిచూచి కొట్టుదురు. కొడగు కల్లోలభూమి యైనదని ఎవరును చెప్పలేదు.

మన స్థితి యేమి? 1959 నాటి క్రొత్త ఆయుధశాసనము పాతదానిని తొలగించినను దాని శంక తొలగలేదు. .303, 7.62 మిల్లీమీటర్ల సైనిక తూటాలను ప్రేల్చు రైఫిళ్లు నేటికిని నిషిద్ధముల పట్టికలోనివే. సైనిక రైఫిలు పోటీ సైనికులకు, పోలీసులకే పరిమితము. ఇది రేపు మాఱునని మేము భ్రమపడము, మాఱవలయునని తొందరయు లేదు. కాని దిగువ మెట్లు మూతపడలేదు. 1951లో లోకసభ స్పీకరు మావలంకరు స్థాపించిన జాతీయ రైఫిలు సంఘము కలదు. 0.177 అంగుళముల గొట్టమును, ఇరువది జౌళ్ల శక్తిని మించని గాలితుపాకికి లైసెన్సు అక్కఱలేదు. 1948 శాసనముతో పుట్టిన ఎన్.సి.సి.లో బాలబాలికలు .22 రైఫిలు పట్టుచున్నారు. హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండను ఒలింపిక్సున గాలి రైఫిలుతో కాంస్యము తెచ్చెను; 2024లో పారిసున మూడుభంగిమల రైఫిలు పోటీలో కాంస్యము తెచ్చిన స్వప్నిల్ కుసాలే అప్పటికి రైల్వేలో టిక్కెట్లు తనిఖీచేయు నుద్యోగి. నిలుచుండి, మోకరిల్లి, బోరగిలి కాల్చు ఆ విద్య సైనిక రైఫిలు విద్యకు తోబుట్టువు.

మన భూస్వాములకొక మాట. గోడకు వ్రేలాడు జోడుతుపాకి వంశగౌరవము కావచ్చును. విద్య మాత్రము కాదు. దానిని పెండ్లియూరేగింపున ఆకాశమునకు ప్రేల్చుట శూరత్వము కాదు, నేరము. 2019 సవరణ దానిని శిక్షార్హము చేసినది. ఆ తుపాకి లైసెన్సుకై కచ్చేరీల చుట్టు తిరిగిన శ్రమలో పదవవంతు పెట్టి, ఊరి పిల్లవానికొక గాలి రైఫిలును, వెనుక మట్టిగట్టున్న పదిమీటర్ల జాగాను ఏర్పఱచిన మేలు.

ప్రభుత్వమును కోరున దింతకంటె పెద్దది కాదు. జిల్లాకొక రేంజి; వారమున కొక పూట, నేరచరిత్ర లేని వయోజనుల కెల్లరకును ప్రవేశము; .22 రైఫిళ్లు, తూటాలు అచ్చటి పెట్టెలోనే తాళమునకు లోబడి యుండవలె. రుసుము తూటాల వెలకు మించరాదు. నేర్పుటకు విశ్రాంత సైనికులు మన జిల్లాలలో కొదువలేదు. రాబోవు శాసనసభా సమావేశములలో ఏ సభ్యుడైనను తన జిల్లాలో పౌరులకు తెఱచియున్న రేంజిలెన్ని యని మంత్రి నడుగునేమో యని మేము వేచియుందుము. ఉత్తరము వచ్చినచో ఈ పుటలోనే అచ్చు వేయుదుము.