గుర్రం కావాలా, టపాకాయలు కావాలా?



మొన్న మనవాళ్ల పెళ్లి మెరవణిలో గుర్రం బెదిరింది. బ్యాండువాళ్లు చెల్లాచెదురయ్యారు, పెళ్లికొడుకు పేటా కాలువలో పడింది. అందరం నవ్వాం. పేటా బదులు పిల్లోడే పడుంటే?

గుర్రానికి పొగరని తిట్టారు. పొగరు కాదు, భయం. గుర్రానికి కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. సరిగ్గా తోక వెనక ఏముందో కనపడదు. మనం సరం అంటించేది అక్కడే! భయపడితే పరుగెత్తడమే దానికి తెలుసు.

మేము రైల్వేలో చేరిన కొత్తలో స్టేషన్ బయట జట్కాలుండేవి. వెనక బరువెక్కువైతే నొగలు పైకి లేచి గుర్రం తేలిపోయేది. "ముందుకు జరగండి సామీ!" అని జట్కా సాయిబు అరుపు. లావుపాటి ఆఫీసరెవరైనా ఎక్కితే కౌంటర్ కిటికీలోంచి చూసి నవ్వుకునేవాళ్లం. కానీ గుర్రానికి ఉలవలు పెట్టందే సాయిబు టీ తాగడు.

మన పక్కనే హంపి. సాళువ నరసింహరాయలు అరబ్బు గుర్రాలు ఎంత మోజుగా కొన్నాడంటే, సముద్రంలో చచ్చినదాని తోక తెచ్చి చూపినా డబ్బిచ్చేవాడట. పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. మనమేమో గంట బాడుగకు తెచ్చి చెవి దగ్గర బాంబు పేలుస్తాం.

గుర్రం వద్దనడంలేదు, దాన్ని నమ్ముకున్న కుటుంబాలున్నాయి. గుర్రముంటే టపాకాయలొద్దు, టపాకాయలే కావాలంటే అల్లుణ్ణి కారెక్కించండి. వచ్చే మీటింగులో తీర్మానం పెడతాం, చేతులెత్తండి. వియ్యాలవారు అలిగితే మా ఇంటికి పంపండి, కాఫీ ఇచ్చి మేమే చెప్తాం.