బుడమేరు చేసిన నేరమేమి?

బెజవాడకు వరద వచ్చినప్పుడెల్ల బుడమేరును దుఃఖదాయినియని దూషించుట మనకు పరిపాటియైనది. 2005లో దూషించితిమి, 2024లో మరల దూషించితిమి. విచారణ లేక శిక్ష విధించుటను ఏ ధర్మశాస్త్రమును అంగీకరింపదు. కావున ముందుగా ఈ వాగు నడచు త్రోవ యెట్టిదో చూతము.

మైలవరము ప్రాంతపు కొండలలో పుట్టి, వెలగలేరు మీదుగా దిగి, నగరపు ఉత్తరభాగమున ప్రవహించి, ఎనికేపాడువద్ద ఏలూరు కాలువను క్రిందుగా దాటి, కొల్లేటిలో కలియుట దీని సహజమార్గము. కొల్లేటి నీరు ఉప్పుటేరు గుండ సముద్రమును చేరును. కృష్ణ అంత చేరువనుండగా వాగు కొల్లేటికేల పోవలెనని కొందరడుగుదురు. మహానది తాను తెచ్చిన ఒండ్రుతో తన యొడ్డును తానే మెరకచేసికొనును; నేల అచ్చటినుండి కొల్లేటివైపునకు వాలియున్నది. నీరు పల్లమెరుగును, నిజము దేవుడెరుగునని సామెత. ఇచ్చట నిజము దేవునికే కాదు, కచేరీలలోని పటములకును తెలియును.

వెలగలేరువద్ద రెగ్యులేటరు కట్టి, వరదను మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశము బ్యారేజికి ఎగువను కృష్ణలోనికి పంపు ఏర్పాటు గావించిరి. ఉపాయము మంచిదే. కాని కృష్ణయే నిండి పారుచున్నచో ఆ నీరెచ్చటికి పోవును? 2024 సెప్టెంబరు మొదటి దినములలో బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించి ప్రవహించెను. ఆ దినములలోనే మళ్లింపు కాలువ గట్టునకు మూడు గండ్లు పడెను. వెలగలేరు తలుపులెత్తగా వాగు తన పాత త్రోవను పట్టెను. ఆ త్రోవను సింగునగరము మున్నగు పేటలు నిలిచియున్నవి. జనులు మేడలపైన దినములు గడపిరి. డ్రోనులతో ఆకాశమునుండి అన్నపు పొట్లములు జారవిడువవలసివచ్చెను.

ఇప్పుడు ఆక్రమణదారులను మాట వినవచ్చుచున్నది. ఆక్రమణము లేదని మేమనము. కాని వాగులో ఇల్లు ఒక్క రాత్రిలో మొలవదు. స్థలమమ్మినదెవరు? దస్తావేజు రిజిస్టరు చేసినదెవరు? ఇంటికి నంబరు వేసి పన్ను పుచ్చుకొన్నదెవరు? ఎన్నికలవేళ ఆ గడప తొక్కి ఓటడిగినదెవరు? రిజిస్ట్రేషను మాత్రమున హక్కు పుట్టదని న్యాయవాదులము చెప్పగలము. కొనువానికి ఆ మాట ముందుగా చెప్పినవారేరి? ఇన్ని చేతులు కలిసిన కార్యమునకు, కూలిడబ్బు కూడబెట్టి రెండు సెంట్లు కొన్న పేదయొక్కడే ముద్దాయి యగునా? స్టాంపు రుసుము పుచ్చుకొన్న ప్రభుత్వమే ఫిర్యాదియై నిలుచుట యెంత వింత!

చేయవలసినది స్పష్టము. వాగు హద్దులను కొలిచి రాళ్లు పాతవలెను. ఆ పటమును ప్రతి వార్డునందును, ప్రతి పఠనాలయమునందును ప్రకటింపవలెను. ఆ హద్దులలోని స్థలమునకు దస్తావేజు నమోదు కారాదు. మళ్లింపు కాలువతోపాటు కొల్లేటివరకుగల పాత త్రోవను కూడ వెడల్పుచేయవలెను. 2006లో కొల్లేటి చేపలచెరువుల గట్లను తెగగొట్టిరి. నోరు మూసిన పాత్రలో నీరు పోసిన పొరలును గాన, కొల్లేరును ఉప్పుటేరును నిరాటంకముగ నుంచుటయు నగరరక్షణలో భాగమే. తొలగింపవలసినచో పేదవాని గుడిసెకంటె ముందు పెద్దవాని ప్రహరీ తొలగవలెను. గుడిసెవానికి వేరొకచోట కప్పు చూపిన పిదపనే గునపమెత్తవలెను.

పౌరులారా! వాగునకు దాని త్రోవనిత్తుమా, లేక మన వీధులనే త్రోవగా నిత్తుమా? ఈ ప్రశ్నకు పాలకులు ఉత్తరమియ్యవలెను. వరద తీసిన పిదప మరచిపోక, ఎండకాలముననే అడుగవలసినవారము మనము.