మందు కొట్టేముందు వేరు తవ్వాలి

మలేసియాలో ఇపో నగరాన్ని ఆనుకుని తంబూన్ ఉంది. సున్నపురాతి కొండల కింద పంపరపనస తోటలకు పేరుపడ్డ ఊరు. ఏటా రెండున్నర వేల మిల్లీమీటర్ల దాకా వాన కురిసే దేశమది. మన నల్లగొండలో పడేది అందులో మూడో వంతు. అయినా మొదలు దగ్గర బెరడు పగిలి, బంక కారి, చెట్టు నిలువునా ఎండిపోయే జబ్బు అక్కడి నిమ్మజాతి తోటల్లోనూ ఉంది, ఇక్కడి బత్తాయిలోనూ ఉంది. అక్కడ తడి ఆకాశం నుంచి వస్తుంది. ఇక్కడ మనమే పెడుతున్నాం, పాదు నిండా నీళ్లు వదిలి, కాండం మునిగేలా.

ఆ జబ్బుకు మూలం ఫైటాఫ్తొరా. దాని బీజాలు నీళ్లలో ఈదుకుంటూ వేరును చేరతాయి. మలేసియాకు ఇది పాత శత్రువే. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వలసపోయిన మనవాళ్లు పాలు గీసిన రబ్బరు చెట్లకు వానాకాలంలో గాటు మీద నల్లచారలు తేలేవి. అదీ ఈ జాతి పనే. ఇప్పుడక్కడ దురియన్ కాండాన్ని కుళ్లబెట్టేదీ, కోకో కాయల్ని నల్లబరిచేదీ ఇదే. దురియన్ తోట పక్కన పంపరపనస వేసిన రైతు పొరుగు చెట్టు జబ్బును కూడా తనదిగానే లెక్కేసుకోవాలి.

మన దగ్గర చిక్కు మరో చోట ఉంది. చెట్టు వాడిందంటే రైతు నాలుగు ఆకులు తుంచి మందుల కొట్టుకు తీసుకెళతాడు. తరచూ చేతికొచ్చేది కార్బెండజిమ్. ఫైటాఫ్తొరాను బూజు తెగుళ్లలో కలిపి చెబుతాం గానీ, అది అసలైన శిలీంధ్రం కాదు. దాని మీద కార్బెండజిమ్ పనిచేయదు, మెటలాక్సిల్ కావాలి. అదే ఫ్యుజేరియం వల్ల వచ్చిన ఎండు వేరుకుళ్లయితే మెటలాక్సిల్‌కు పెట్టిన డబ్బు దండగ. ఆకును చూసి ఈ రెంటినీ విడదీయడం కష్టం, రెంటికీ ఆకు పసుపుబారి రాలుతుంది. పలుగు తీసుకుని పాదులో తవ్వితే తెలుస్తుంది. పీచువేరును వేళ్ల మధ్య పట్టి లాగినప్పుడు తొక్క మెత్తగా ఊడొచ్చి లోపలి దారం ఒక్కటే మిగిలితే ఫైటాఫ్తొరా. లావు వేరు చెక్క పొడిగా, గోధుమ, ఊదా రంగుకు తిరిగి ఉంటే ఫ్యుజేరియం. ఈ పని కొట్టు యజమాని చేయడు, చేయాల్సిన అవసరమూ అతనికి లేదు. ఉద్యాన శాఖ చేయాలి. తిరుపతిలోనూ, నల్లగొండ జిల్లా కొండమల్లేపల్లిలోనూ పరిశోధన స్థానాలు ఉండి కూడా రైతు కొట్టువాడి మాటే వింటున్నాడంటే తప్పు రైతుది కాదు.

కాండానికి పూసే బోర్డో పేస్టునూ తెలిసి కలపాలి. కిలో మయిలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు: ద్రాక్ష తోటల కోసం 1880లలో ఫ్రాన్సులో పుట్టిన మిశ్రమానికి చిక్కటి రూపం. ఇనుప పాత్రలో కలపకూడదు. కలిపాక మెరిసే కత్తిని కాసేపు ముంచి తీయాలి. అంచున రాగిపూత కనిపిస్తే సున్నం చాలలేదన్నమాట. వానలకు ముందు, తర్వాత కాండానికి రెండు మూడడుగుల ఎత్తు దాకా పూసి, మొదలు తడవకుండా చుట్టూ మట్టి ఎగదోసి, బయటి వలయంలోనే నీళ్లు పారిస్తే సగం మందు ఖర్చు మిగులుతుందని నా నమ్మకం.

మలేసియా నేర్పే మరో పాఠం చేదుగా ఉంటుంది. తెరెంగాను రాష్ట్రంలో లిమావ్ మాదు అనే కమలా తోటల్ని గ్రీనింగ్ జబ్బు దెబ్బతీసింది. అది బూజు కాదు, బాక్టీరియా. పురుగు మోసేది కొంత, జబ్బు అంటుతో తోటలోకి వచ్చేది కొంత. మన వేరుకుళ్లు కూడా తరచూ నర్సరీ సంచిలోని మట్టితోనే దిగుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యాన నర్సరీల చట్టం 2010లోనే వచ్చింది. డ్రిప్పు సబ్సిడీని ఎకరాల్లో లెక్కపెట్టినంత సులువుగా మొక్క ఆరోగ్యాన్ని లెక్కపెట్టలేం కాబట్టేమో, ఆ వైపు చూపు సన్నగిల్లింది. అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన ఉందా, వేరుమూలం ఫైటాఫ్తొరాను కాస్త తట్టుకునే రంగపూరా, త్వరగా లొంగే జంబేరా? ఈ రెండు ముక్కలు మొక్కల బిల్లు మీద రాయించడానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.