తాతయ్య మంచివాడే, మరి దస్తావేజు మాటేమిటి?

తెలుగు వచనంలో తాతయ్యలకి కొదవ లేదు. ఆదివారం అనుబంధాల్లో, శతజయంతి సంచికల్లో, వర్ధంతికి పంచే చిన్న పుస్తకాల్లో ఎక్కడ చూసినా ఒక తాతయ్య కనిపిస్తాడు. నాలుగింటికే లేస్తాడు. తొంభయ్యేళ్ళ వయసులోనూ తన పని తనే చేసుకుంటాడు. మనవల్ని భుజాన ఎక్కించుకుంటాడు. చివరికి అన్ని వ్యాసాలూ ఒకే మాట దగ్గరికి చేరతాయి. ఆయనది నిండు జీవితం, కుటుంబమే ఆయన ప్రపంచం.

నా పేచీ ఆ మాటతోనే. ఏది కుటుంబం? అందులో లెక్కకొచ్చినవాళ్ళెవరు?

నాకూ ఒక తాతయ్య ఉండేవాడు. అమ్మ వాళ్ళ నాన్న. తిరువూరు పక్క పల్లెలో 1924లో పుట్టి, 2015లో అక్కడే పోయాడు. ఆ తొంభై ఒక్క ఏళ్ళలో ఆయన ఊరికే కూర్చున్న రోజు ఇంట్లో ఎవరికీ గుర్తులేదు. వాళ్ళ నాన్న నుంచి వచ్చిన ఆరెకరాల మామిడితోటే ఆయన లోకం. ఎనభై దాటాక కూడా సైకిలు మీదే తోటకి వెళ్ళేవాడు. దోటీ, చిక్కం పట్టుకుని కాయకి దెబ్బ తగలకుండా దించేవాడు. నున్న మార్కెట్‌కి పోవలసిన సరుకు పోగా, చినరసాలు ఒక మూల, బంగినపల్లి ఒక మూల వరిగడ్డిలో మాగేసి, వేసవి సెలవులకి చేరిన పిల్లలందరికీ తన చేత్తో పంచేవాడు. కూతుళ్ళకి నెలనెలా కార్డుముక్క రాసేవాడు. మా జడలు కూడా వేసేవాడు. నేను ఎమ్మే తెలుగు చదువుతానంటే అందరూ "తెలుగు చదివి ఏం చేస్తావే" అన్నారు. "దాన్ని చదవనివ్వండి" అన్నది ఆయనొక్కడే. ఆయనంటే నాకు ప్రాణం. ఇది ద్వేషంతో రాస్తున్నది కాదని ముందే తెలియాలి కాబట్టి చెబుతున్నాను.

2024లో ఆయన శతజయంతికి మావాళ్ళు ఒక సంచిక వేశారు. తెలుగు పాఠాలు చెప్పేదాన్ని కదా అని నన్నూ ఒక వ్యాసం అడిగారు. రాసిచ్చాను. రెండు పేరాలు తీసేస్తే వేసుకుంటామని తిప్పి పంపారు. "ఇది సందర్భం కాదమ్మా" అన్నారు. పెళ్ళిలో సందర్భం కాదు, చావులో సందర్భం కాదు, నూరేళ్ళ పండగలో కూడా సందర్భం కాదు. ఆడపిల్ల ఆస్తి గురించి మాట్లాడడానికి ఈ దేశంలో సందర్భం ఎప్పుడొస్తుందో ఎవరైనా పంచాంగం చూసి చెప్పాలి.

ఆ రెండు పేరాల్లో మొదటిది అమ్మమ్మ గురించి. తాతయ్య నాలుగింటికి లేచాడంటే అమ్మమ్మ మూడున్నరకే లేచి పొయ్యి రాజేసింది. తాతయ్య మామిడిపళ్ళు పంచాడంటే, ఆ పళ్ళు తిన్న పదిహేనుమందికి ఆ నెలంతా మూడుపూటలా వండింది అమ్మమ్మ. మిగిలిన కాయల్ని ఆవకాయ చేసి, జాడీలకెత్తి, ఏ కూతురింటికి ఏ జాడీ వెళ్ళాలో గుర్తుపెట్టుకున్నదీ ఆవిడే. తాతయ్య వేసిన జడలు మాకు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని. అవన్నీ సంచికలోకి ఎక్కాయి. అమ్మమ్మ వేసిన వేల జడల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. మగవాడు ఇల్లే లోకమనుకుంటే అది గుణం, దానికి వ్యాసం రాస్తాం. ఆడది ఇల్లే లోకంగా బతికితే అది వార్తే కాదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరన్నా వ్యాసం రాస్తారా? సంచికలో అమ్మమ్మకి దక్కింది ఒక ఫొటో, ఒక మాట: సహధర్మచారిణి.

రెండో పేరా సంతకాల గురించి. అసలు అభ్యంతరం దానికే.

మా తాతయ్యకి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కూతుళ్ళు. 1983లో పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి తోటనీ మాగాణినీ కొడుకులిద్దరికీ పంచాడు. కాయితం రాసుకున్నారే గాని రిజిస్టరు చెయ్యలేదు. కూతుళ్ళిద్దరికీ అప్పటికే పెళ్ళిళ్ళయిపోయాయి, అమ్మకి 1965లో, పిన్నికి 1972లో. ఆ పంపకానికి వాళ్ళని పిలవనేలేదు.

తర్వాత చట్టాలు మారాయి. 1956 హిందూ వారసత్వ చట్టం ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కుని కొడుకులకే ఉంచింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ కూతురినీ దాయాదిని చేసింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి. కానీ ఆ తేదీకి పెళ్ళయిపోయిన కూతుళ్ళని బయటే నిలబెట్టింది. మెడలో తాళి పడ్డ తేదీని బట్టి పుట్టింటి హక్కు ఉండటమో పోవటమో! ఇరవయ్యేళ్ళ తర్వాత పార్లమెంటు చేసిన సవరణ ఆ అడ్డం తీసేసింది. 2005 సెప్టెంబర్ 9 నుంచి పెళ్ళయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానం. 2004 డిసెంబర్ 20కి ముందే రిజిస్టరయినవో, కోర్టు డిక్రీ ఉన్నవో అయితే తప్ప, పాత పంపకాలు చూపించి ఆ హక్కుని కాదనడానికి వీల్లేదంది. అంటే మా తాతయ్య బతికుండగానే మా అమ్మా పిన్నీ ఆ తోటలో హక్కుదారులయ్యారు.

ఆ సంగతి వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. తోట కొనబోయేవాళ్ళ వకీలు చెప్పాడు, అదీ మా మామయ్యలకి. 2006లో రోడ్డు పక్క తోటకి మంచి బేరం వచ్చింది. ఆడపిల్లల సంతకాలు లేకపోతే కొనమన్నారు. అప్పుడు తాతయ్య, ఎనభై రెండేళ్ళ మనిషి, కూతుళ్ళిద్దరికీ తనే కార్డు రాశాడు. వాళ్ళు వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని "నేను మీకేం తక్కువ చేశానమ్మా" అన్నాడట. అంతే. ఎవరూ బెదిరించలేదు, ఎవరూ గొంతు పెంచలేదు. తిరువూరు రిజిస్ట్రారాఫీసులో ఇద్దరూ హక్కు విడుదల దస్తావేజు మీద సంతకాలు చేశారు. ఇద్దరికీ పట్టుచీర, తాంబూలం, చెరో ఇరవై వేలు. మా అమ్మకి నాన్న జీతం ఉంది, గడిచిపోయింది. పిన్నికి అప్పటికి ఎనిమిదేళ్ళ కిందటే భర్త పోయాడు. మైలవరంలో అద్దె గదిలో జాకెట్లు కుట్టుకుంటూ ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. ఆ తోటలో న్యాయంగా రావలసిన వాటా చేతికొస్తే ఆవిడ తన మిషను తను ఆపుకోగలిగేది. కళ్ళు పూర్తిగా దెబ్బతినేదాకా కుట్టింది.

మా తాతయ్య దుర్మార్గుడై ఉంటే పిన్ని సంతకం చేసేది కాదు. ఎదురు తిరిగేది. ఆయన మంచివాడు కాబట్టి, నెలనెలా కార్డు రాసిన నాన్న కాబట్టి చేసింది. ఆ సంతకాలు పెట్టించింది ప్రేమే. పితృస్వామ్యం అనగానే మనకి కొట్టే భర్త, తాగే తండ్రి గుర్తొస్తారు. వాళ్ళ గురించి చాలా రాశాం, రాయాలి కూడా. కానీ ఆస్తిని ఒక తరం నుంచి ఇంకో తరానికి మగచేతుల్లోనే క్షేమంగా దాటించింది మంచి నాన్నలూ, మంచి తాతయ్యలూ. ఆడవాళ్ళు అన్నదమ్ముల ఆదరణ పోతుందని, పుట్టింటి గడప మూసుకుపోతుందని భూమి మీద హక్కు వదులుకోవడాన్ని బీనా అగర్వాల్ 1994లోనే 'ఎ ఫీల్డ్ ఆఫ్ వన్స్ ఓన్'లో వివరంగా రాసింది. మన సంస్మరణ వ్యాసాల్లో అదే సంగతి "కుటుంబాన్ని ఒక్కతాటి మీద నిలిపాడు" అనే మాట కింద దాక్కుంటుంది. ఆ తాడుకి పెట్టుబడి ఎవరిదని అడగకూడదా?

నాకు వచ్చిన జవాబులు మీకూ వస్తాయి. "ఆ కాలం అలాంటిది" అంటారు. ఏ కాలం? 1985లో మా తాతయ్యకి అరవై ఒకటి. రోజూ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషి. కాలం ఆయన గుమ్మం ముందు రెండుసార్లు ఆగి తలుపు తట్టింది. "కట్నాలిచ్చారుగా" అంటారు. ఇచ్చారు. వరకట్నాన్ని నిషేధించిన 1961 చట్టం వచ్చాకే ఇచ్చారు. ఆ డబ్బు అత్తవారి చేతికి పోయింది, కూతురి పేర ఒక్క సెంటు కూడా రాలేదు. కట్నం వాటా అయితే కొడుకులకీ అదే ఇవ్వాల్సింది! "వాళ్ళే ఇష్టపడి సంతకం పెట్టారు" అంటారు. తనకేం హక్కుందో తెలియని మనిషి ఇష్టానికి అర్థమేమిటి? "పోయినవాళ్ళ గురించి చెడు రాయకూడదు" అనేది చివరి అస్త్రం. నేను చెడు రాయలేదు. జరిగింది రాశాను. పోయిన మనిషికి గౌరవమివ్వడమంటే ఆయన్ని పటంలో దేవుణ్ణి చెయ్యడం కాదు, ఆయన చేసిన పనులకి ఆయన్నే బాధ్యుణ్ణి చెయ్యడం.

ఇక్కడితో ఆగితే ఇది కూడా సగం లెక్కే. ఆ ఆరెకరాల మొక్కలకి పాదులు తీసింది, కట్టలేరు ఎండిన వేసవుల్లో బిందెలతో నీళ్ళు పోసింది మాదిగపల్లె ఆడవాళ్ళు. వాళ్ళ కూతుళ్ళకి వదులుకోవడానికైనా ఒక దస్తావేజు లేదు. తిరువూరు నుంచి 1989లోనూ 2004లోనూ శాసనసభకి గెలిచిన దళిత నాయకుడు కోనేరు రంగారావు. పేదల భూమి సమస్యల మీద ఆయన అధ్యక్షతన వేసిన కమిటీ నివేదిక ఇచ్చిందీ ఆ 2006లోనే. ఆ నియోజకవర్గంలో అదే ఏడు మా ఇంట్లో భూమి మగచేతుల నుంచి జారకుండా కాపాడుకోవడానికి తాంబూలాలు సర్దుతున్నారు. నా పిన్ని హక్కు గురించి మాట్లాడే నేను ఈ మాట వదిలేస్తే, సహధర్మచారిణి అని రాసినవాళ్ళకీ నాకూ తేడా ఏముంది?

ఈ దాటవేత మా ఒక్క ఇంటిది కాదు. మన సాహిత్యమే దీన్ని నేర్పింది. 1881 డిసెంబర్ 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించాడని బడిపిల్లలకి కూడా తెలుసు. వెలివేతకి భయపడి వంటవాళ్ళూ నీళ్ళవాళ్ళూ మానేస్తే గోదావరి నుంచి బిందెలు మోసి, ఆ పెళ్ళివారికి వండిపెట్టింది రాజ్యలక్ష్మమ్మ. చరిత్రలో ఆయన యుగపురుషుడు, ఆవిడ తగిన ఇల్లాలు. దీనికి ఎదురు నడిచిన దారీ మనకుంది. ఇప్పుడు తిరువూరున్న ఎన్టీఆర్ జిల్లాలోనే ఉన్న పెనుగంచిప్రోలులో 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ 1901 నాటికే 'అబలా సచ్చరిత్ర రత్నమాల'లో ఆడవాళ్ళ జీవితాలు ఏరి కూర్చింది. 1986లో స్త్రీ శక్తి సంఘటన తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ మాటల్లోనే 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. వాళ్ళు చేసిన పని పెద్ద రహస్యమేం కాదు. వెళ్ళి అడిగారు, చెప్పింది రాశారు.

తాతయ్యల గురించి రాయొద్దని నేననను. రాయండి. మనవరాళ్ళుగా మనకి ఆ హక్కుంది, ఆ ప్రేమా ఉంది. వాళ్ళని జ్ఞాపకాల వ్యాపారులకి వదిలేయకూడదు కూడా. కానీ రాసేముందు మూడు సంగతులు కనుక్కోండి. ఆయన లేచేసరికి పొయ్యి వెలిగించిందెవరు? ఆయన భూమిలో వంగిందెవరు? ఆయన పంపకాల కాయితం మీద ఏ పేర్లున్నాయి, ఏ పేర్లు లేవు? మీ అమ్మలు, పిన్నులు, మేనత్తలు ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళు ఎక్కడ, ఏ ఏడు, దేని మీద సంతకం చేశారో అడగండి. కూతురికి 2005 నాటి హక్కు దక్కడానికి అప్పటికి తండ్రి బతికుండాల్సిన పని కూడా లేదని, అది పుట్టుకతో వచ్చిన హక్కని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో తేల్చేసింది. ఇంకా సంతకం చెయ్యని ఆడపిల్లలు ఎన్నో ఇళ్ళల్లో ఉన్నారు. వాళ్ళ చేతికి కలం అందేలోపల ఈ సంగతి అందాలి.

తీసెయ్యమన్న రెండు పేరాలూ నేను తియ్యలేదు. శతజయంతి సంచిక నా వ్యాసం లేకుండానే వచ్చింది. అందులో మా తాతయ్య నిండుగా ఉన్నాడు. ఆయన కూతుళ్ళు లేరు.