మెరుపు సరే... అడుగు చూశారా?

మా బావ విశాఖలో పాత స్పోర్ట్స్‌ కారు కొని నరసన్నపేట తెచ్చాడు. వీధి వీధంతా చుట్టూ మూగింది. మెకానిక్‌ మాత్రం మాట్లాడకుండా కారు కిందికి దూరాడు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే తుప్పు పెళ్లలు రాలాయి. "సముద్రం దగ్గర తిరిగిన బండి కదా! గోవాలో తయారైన శాన్‌ స్టార్మ్‌లా ఫైబరు బాడీ అయినా సరే, కింద ఫ్రేము ఇనుమే బాబూ" అన్నాడు.

టైర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. పక్కనున్న నాలుగంకెలు 1214. అంటే 2014లో పన్నెండో వారం తయారీ! అరగకపోయినా రబ్బరు బీటలు వారింది. చల్లారిన ఇంజిన్‌ స్టార్ట్‌ చేస్తే నీలం పొగ... ఆయిల్‌ తాగుతోందన్నమాట.

బావ ముఖం వాడిపోయింది. "పిల్లల్ని ఎక్కించకముందే తెలిసింది, అదే పదివేలు" అంది అక్క.

పాతబండి మోజుంటే మీరూ ఈ మూడూ చూడండి... అడ్వాన్సు ఇవ్వకముందే!