ఉద్యోగం ఎవరి లక్షణం?

2025 జూలైలో రాజ్యసభ ముందుకు ఒక చిన్న ప్రశ్న వచ్చింది. వృద్ధులైన తల్లిదండ్రులను చూసుకోవడానికి కేంద్ర ప్రభుత్వోద్యోగులకు సెలవు సదుపాయం ఏదైనా ఉన్నదా అన్నది ఆ ప్రశ్న. సిబ్బంది వ్యవహారాల సహాయమంత్రి జితేంద్ర సింగ్ ఇచ్చిన లిఖితపూర్వకమైన జవాబు సారాంశం ఇది: ఏడాదికి 30 రోజుల ఆర్జిత సెలవు, 20 రోజుల అర్ధవేతన సెలవు, 8 రోజుల క్యాజువల్ లీవు, 2 రోజుల ఐచ్ఛిక సెలవు ఉన్నాయి, సొంత కారణం ఏదైనా వాటిని వాడుకోవచ్చు, తల్లిదండ్రుల సంరక్షణ కూడ అందులో చేరుతుంది. అంటే, ప్రత్యేకంగా ఏమీ లేదని అర్థం. ప్రభుత్వ సమాధానాలు చదవడం అలవాటైనవారికి ‘ఉన్నది’ అన్న మాటలో ‘లేదు’ వినిపించడం కొత్త కాదు.

పత్రికలలో నాలుగు పంక్తులకు మించి చోటు దక్కని ఈ జవాబును ప్రస్తావించడానికి కారణం ఉన్నది. ఢిల్లీలోని ప్రభుత్వ భవనాలలో యాభయ్యవ పడికి అటూయిటూగా ఉన్న మహిళా అధికారులు పలువురు అలసిపోయి కనిపిస్తున్నారు. కొందరు తమంత తామే తప్పుకొంటున్నారు కూడ. వారి అలసటను గురించి సభలో ప్రశ్న వేసేవారు అరుదు.

నాకు తెలిసిన ఒక తెలుగు అధికారిణి సంగతి చెబుతాను. పార్లమెంటు సమావేశాలు జరిగే రోజుల్లో ఆమె శాఖకు నక్షత్రం గుర్తు గల ప్రశ్న పడిందంటే ముందురోజు రాత్రి పదకొండయినా ఆఫీసు గదిలో దీపం ఆరేది కాదు. సభ్యులు వేయగల అనుబంధ ప్రశ్నలన్నీ ఊహించి జవాబులు సిద్ధం చేయాలి. మరునాడు అధికారుల గ్యాలరీలో కూర్చొని మంత్రికి చీటీలు అందించాలి. ఇంటికి వెళితే మంచం పట్టిన అత్తగారు, పరీక్షలకు చదువుతున్న కొడుకు. ఇరవై ఏళ్ళ సర్వీసు నిండినవారు మూడు నెలల నోటీసు ఇచ్చి స్వచ్ఛంద విరమణ కోరవచ్చు. పై మెట్టు ఒక్కటే దూరం అనుకొంటున్న తరుణంలో ఆమె ఆ నోటీసు ఇచ్చింది. “పాపం, తట్టుకోలేకపోయింది” అన్నారు సహోద్యోగులు.

విరమించిన తర్వాత కొన్ని నెలలపాటు టెలిఫోను మోగితే చాలు గుండె దడ వచ్చేదట. నిద్ర మళ్ళీ దారిలో పడడానికి అర్ధ సంవత్సరం పట్టింది. ఇప్పుడు వారానికి మూడు రోజులు, తనకు నచ్చిన పని, తను పెట్టుకొన్న వేళల్లో చేసుకొంటున్నది. “ఇదివరకు ఏ హోదాకు చేరానో లెక్క చూసుకొనేదాన్నండీ. ఇప్పుడు సాయంత్రానికి నాలో ఎంత మిగిలిందో చూసుకొంటున్నాను” అన్నది. ఓడిన మనిషి మాటగా అది నాకు వినిపించలేదు.

పనిచోట తీరని ఒత్తిడి వల్ల కలిగే ఈ స్థితికి ఇంగ్లీషువారు పెట్టిన పేరు ‘బర్నౌట్’. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దానిని తన వర్గీకరణలో వృత్తిసంబంధమైన స్థితిగా చేర్చింది, జబ్బు అనలేదు. ఈ తేడా గమనించదగినది. జబ్బయితే మనిషికి మందిస్తే సరిపోతుంది. పనిలోనే లోపం ఉంటే పనిని సరిచేయాలి.

ఉద్యోగం పురుష లక్షణమన్నారు మన పెద్దలు. ఆ సామెతను ఇప్పుడు ఎవరూ పైకి అనరుగాని మన కార్యాలయాల పద్ధతులన్నీ దానిమీదే నడుస్తున్నాయి. వేళకు అన్నం వండిపెట్టే మనిషి, పిల్లలనూ ముసలివాళ్ళనూ కనిపెట్టి ఉండే మనిషి ఇంటివద్ద మరొకరు ఉన్నారన్న నమ్మకంతో తయారైన పద్ధతులివి. విదేశాంగ సర్వీసులో మహిళలు పెళ్ళికి అనుమతి పొందాలని, సంసార బాధ్యతలు విధులకు అడ్డువస్తాయని ప్రభుత్వానికి తోస్తే రాజీనామా కోరవచ్చునని ఒకప్పుడు నిబంధనలే ఉండేవి. సి.బి. ముత్తమ్మ కేసులో 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ వాటిని తీవ్రంగా ఆక్షేపించారు. నిబంధనలు పోయాయి. వాటి వెనుకనున్న ఆలోచన మాత్రం పోలేదు.

2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన కాలవినియోగ సర్వే చూడండి. జీతంలేని ఇంటిపనులు చేసేవారిలో స్త్రీ రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుండగా పురుషుడు వెచ్చించేది 88 నిమిషాలు. తేడా మూడు గంటల పైచిలుకు. ఇల్లు చూచి ఇల్లాలిని చూడమన్న లోకం, ఇల్లు చూచి ఇంటాయనను చూడమని ఎన్నడూ అనలేదు గదా! ఇద్దరికీ ఒకే కొలబద్ద పెట్టి విజయాన్ని కొలిస్తే ఎవరు ముందు అలసిపోతారో చెప్పడానికి సర్వేలు అక్కరలేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనను. ఆరవ వేతన సంఘం సిఫారసుపై 2008లో మహిళా ఉద్యోగులకు 730 రోజుల శిశు సంరక్షణ సెలవు వచ్చింది. ప్రసూతి సెలవు 180 రోజులయింది. అయితే వైకల్యం గల బిడ్డల విషయంలో తప్ప, పిల్లలకు 18 ఏళ్ళు నిండితే ఆ సంరక్షణ సెలవు వర్తించదు. సరిగ్గా ఆ వయసులోనే తల్లిదండ్రులు, అత్తమామలు మంచాన పడతారు. స్త్రీ శరీరంలోనూ మార్పులు వస్తాయి. భారం పెరిగే చోట సెలవు ఆగిపోతున్నది.

ఇదంతా పింఛను గల కొద్దిమంది బాధేనని, పొలంలో కూలికి పోయే స్త్రీకి ఏ సెలవు ఉన్నదని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని ప్రభుత్వం తన ఇంట అమలు చేసినది మెల్లగా బయటికి పాకుతుంది. 2008లో ప్రభుత్వోద్యోగినులకు దక్కిన ప్రసూతి సెలవు, 2017 చట్టంతో 26 వారాలుగా ప్రైవేటు సంస్థల స్త్రీలకు చేరింది. కూలి స్త్రీ దాకా అది చేరకపోవడం ఇంకా తీర్చవలసిన బాకీ. మొదటి అడుగు వద్దనడానికి అది కారణం కాజాలదు.

పార్లమెంటు తనంతట తాను పూనుకొంటుందా అంటే, ఆశ తక్కువ. పనివేళలు దాటాక ఫోన్లకు జవాబివ్వకుండా ఉండే హక్కు కోరుతూ 2018లో సుప్రియా సూలే లోక్‌సభలో అనధికార బిల్లు ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. అనధికార బిల్లు ఏదీ 1970 తర్వాత చట్టమైన దాఖలా లేదు.

కనుక చూడవలసినది వేతన సంఘం వైపు. జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయి అధ్యక్షతన 2025 నవంబరులో ఏర్పాటయిన ఎనిమిదవ వేతన సంఘానికి 18 నెలల గడువు ఇచ్చారు. దానిని కోరవలసినవి రెండు. వృద్ధుల సంరక్షణకు ప్రత్యేకమైన సెలవు ఉండాలి. అది స్త్రీలకు మాత్రమే గాక పురుషులకూ ఇవ్వాలి. అత్తగారికి కోడలే కాదు, కొడుకు కూడ ఉన్నాడు. రెండవది, పది పదిహేనేళ్ళు పనిచేసినవారు కొంతకాలం విశ్రాంతి తీసుకొని, సీనియారిటీ పోగొట్టుకోకుండా తిరిగిరాగల వెసులుబాటు. ఆ వెసులుబాటు ఉండివుంటే నేను చెప్పిన అధికారిణి ఇవాళ ప్రభుత్వంలోనే ఉండేదేమో.

నివేదిక వచ్చిననాడు అందరూ జీతాల పట్టికలు తిరగవేస్తారు. సెలవుల సంగతి ఏమైనదో కూడ పాఠకులు వెతికి చూడాలని, లేకపోతే తమ లోక్‌సభ సభ్యుణ్ణి నిలదీయాలని నా మనవి.